రోజూ ఒకే దినచర్య పాటిస్తే పని నిజంగా ఎక్కువ సాగుతుందా?

సాగుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ముందు ఏది చేయాలి అని రోజూ మనతో మనమే బేరమాడుకునే బాధ తప్పుతుంది కదా! ఒకే సందర్భంలో పదేపదే చేసిన పని మెదడులో అలవాట్లను నడిపే బేసల్ గాంగ్లియా అనే భాగం చేతిలోకి వెళ్తుంది, ఆలోచనకు తీరిక దొరుకుతుంది.

నేనైతే రాత్రి పని ఆపేటప్పుడు, మర్నాడు మొదట చేయాల్సింది చీటీ మీద రాసి కీబోర్డు మీద పెడతాను. పొద్దున దాన్ని తీయకుండా ఫోన్ జోలికి పోను (దాదాపు రోజూ!).

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట మాత్రం నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, 2010లో అచ్చయిన పత్రంలో తేల్చిన అంచనా దాదాపు 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టి చెప్పినవే). మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట, కాబట్టి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టక్కర్లేదు.