పరిగెత్తురా, కానీ ముందు బీపీ చూపించుకో

ఒరే నానా,

నువ్వు వైజాగ్ నేవీ మారథాన్‌కి పేరిచ్చావని, అదీ 21 కిలోమీటర్లకని కోడలు ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేసి పక్కింటావిడకి గొప్పగా చెప్పేసుకున్నాను, మా మేనల్లుడు పరిగెడతన్నాడమ్మా అని. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళొచ్చాయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే, పొట్ట చొక్కా గుండీల్ని లాగేస్తంటాది, దానికితోడు టీకొట్టు దగ్గర ఆ సిగరెట్టు, నాకు తెలీదనుకున్నావేటి?

మంచి షూస్ కొను, ముందు నడిచి తర్వాత మెల్లగా పెంచు, ఇవన్నీ నీ ఫోనే చెప్తాది. నేను చెప్పేదేటంటే ఈ వారంలోనే బీపీ, సుగరు చూపించుకుని ఈసీజీ తీయించుకో. నాకేటయింది అత్తా, బాగానే ఉన్నానుగా అనకు. ఇన్నేళ్ళు ఏఎన్ఎం‌గా ఊళ్ళు తిరిగినదాన్ని, ఆ మాటంటేనే నాకు వణుకు.

మీ చిన్నాన్నా అదే అన్నాడు. నీకప్పుడు చిన్నతనం, నీకు గుర్తున్నది మంచం మీద మనిషే. రాజాంలో కొట్టు పెట్టినప్పుడు వాడు బియ్యం బస్తా ఒక్కడే ఎత్తేసేవాడు. ఓ రోజు సరదాకి మిషన్ కట్టి చూస్తే పైన 170, కింద 110. డాక్టరు మాత్రలు రాశారు. రెండు నెలలు వేసుకున్నాడు, మళ్ళీ చూస్తే 130/80, అంతే, నార్మలైపోయింది కదే అక్కా ఇంకెందుకు అని మానేశాడు. మాత్ర వేసుకోబట్టే నార్మలైందిరా బాబూ అంటే వింటేనా. మొదలెడితే జీవితాంతం అలవాటైపోద్దని ఎవడో చెప్పాడట, వాడి మాట ఎక్కింది, నా మాట ఎక్కలేదు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగవు, అంచేత జబ్బే లేదనుకున్నాడు. లోపల రక్తనాళాలు గట్టిపడిపోతంటాయి, గుండె, కిడ్నీలు, మెదడు అన్నీ దెబ్బ తింటంటాయి, మనిషి మాత్రం రోజూ కొట్టు తెరుస్తూనే ఉంటాడు.

సంత రోజు బెల్లం తూస్తంటే కుడిచేతిలోంచి అరకిలో రాయి జారిపోయిందట. ఎడంచేత్తో తీసి పెట్టాడు. మళ్ళీ జారింది. మాట ముద్దముద్దగా వస్తంటే పొద్దున్నే తాగేశాడని బేరానికొచ్చినోళ్ళు నవ్వారు. తిమ్మిరేలే అని కొట్టు వెనకాల పడుకుంటే ఎవరో కొబ్బరినూనె రాసి రుద్దారు, ఇంకెవరో సోడా పట్టారు. సాయంత్రానికి మూతి వంకరైపోయాక గానీ అది పక్షవాతమని ఎవరికీ వెలగలేదు. అప్పటికింకా 108 రాలేదు, కారు దొరికి వైజాగ్ చేరేసరికి అర్ధరాత్రి. ఈ రోజుల్లో మెదడులో రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్ ఉన్నాది, అదీ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఆస్పత్రికి చేరి, స్కాన్ తీసి గడ్డే అని తేలితేనే. మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట తేడా, ఈ మూడిట్లో ఏ ఒక్కటి కనబడినా నూనెలు రాస్తూ కూర్చోకండి, కోడలికి కూడా చెప్పు. మూడేళ్ళు మంచాన ఉండి పోయాడు, యాభై నిండలేదు. గల్లాపెట్టె సర్దితే మాత్రల స్ట్రిప్పులు నిండుగా అలగే దొరికాయి. 2021లో ఇలాంటి అంటుకోని జబ్బులతో డెబ్భై నిండకుండా పోయినోళ్ళు ప్రపంచంలో కోటీ 80 లక్షల మందట. నాకు మాత్రం ఆ ఒక్కడే కనబడతాడు.

ఇంక నీ సిగరెట్టు. రోజుకి ఒకటో రెండో కదా, పరిగెడితే అరిగిపోద్ది అనుకుంటన్నావేమో, అలగ కుదరదు. రోజుకి ఇరవై కాల్చేవాడి గుండెకి ఎంత ముప్పో, రోజుకి ఒక్కటి కాల్చేవాడికి అందులో దగ్గర దగ్గర సగం ఉంటాది. బ్రిటన్‌లో 1951 నుంచి వేలమంది డాక్టర్లనే పెట్టుకుని ఏళ్ళ తరబడి చూశారు, కాల్చేవాళ్ళకి సుమారు పదేళ్ళ ఆయుష్షు తగ్గింది, నలభైలో మానేసినవాళ్ళకి అందులో తొమ్మిదేళ్ళు దక్కాయి. నీ వయసు అదేరా! మీ మామ్మ అడ్డపొగ తాగేది తెలుసా, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని, అలగే చాకిరీ అంతా చేసేది. అంగిలంతా తెల్లగా మచ్చలు కట్టి, మధ్యలో ఎర్రగా పుండు. టార్చి వేసి చూసింది నేనే. చివరి రోజుల్లో చోడి అంబలి కూడా మింగలేకపోయింది.

ఉప్పు రోజు మొత్తానికి ఒక టీచెంచా దాటనివ్వకు, ఎండుచేపల్లో ఉన్నదీ ఆవకాయలో ఉన్నదీ కూడా ఆ లెక్కలోదే. శనివారం మందు సంగతి నేను మాట్లాడను, కోడలు మాట్లాడతాది.

మోకాలు నొప్పెడితే మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మింగేకు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నాళ్ళైనా తేలలేదు గానీ, ఆ మాత్రలు అదేపనిగా వాడితే కిడ్నీలు పాడవుతాయని మాత్రం ఖాయంగా తెలుసు, బీపీ కూడా పెంచుతాయి. పరిగెడుతూ ఉంటే గుండె మీద బరువు పెట్టినట్టున్నా, దవడ లాగినా, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా అక్కడే ఆగిపో. మెడల్ లేకుండా వస్తే నవ్వేవాళ్ళు మనింట్లో ఎవరూ లేరు. నిజానికి 21 కిలోమీటర్లు అక్కర్లేదురా, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలు, కానీ నీకు పట్టుదల మీ నాన్న పోలిక, చెప్తే వింటావా.

ఆదివారం వస్తన్నాను, బీపీ మిషన్ తెస్తాను, నేనొచ్చేముందు కాఫీ తాగకు, సిగరెట్టు అసలే వద్దు. షూస్ ఎంతయ్యాయో బిల్లు దాచు, సగం నేనిస్తాను, మిగతా సగం నీ సిగరెట్టు డబ్బుల్లోంచి పెట్టుకో.

నీ అత్త