కేజన్, క్రియోల్ సంగీతకారులు కలిసి వాయించేవారా?

వాయించేవారు, అదీ వర్ణవివక్ష రాజ్యమేలిన రోజుల్లోనే. అమెరికాలోని లూసియానా రాష్ట్రపు పల్లెల్లో ఫ్రెంచ్ మాట్లాడే తెల్లవాళ్లు కేజన్లు, నల్లవాళ్లు క్రియోల్‌లు (ఇది స్థూలమైన విభజనే). ఇరువురిదీ పగలు పొలం పని, శనివారం రాత్రి ఎవరింట్లోనో డాన్సు. క్రియోల్ అకార్డియన్ కళాకారుడు అమెడె ఆర్డ్వాన్, కేజన్ ఫిడేలు వాద్యకారుడు డెనిస్ మెగీ ఒకే భూస్వామి దగ్గర పాలుకు సాగు చేసినవాళ్లు. 1929లో న్యూ ఆర్లీన్స్‌లో కలిసి రికార్డులిచ్చారు. ఆర్డ్వాన్ గొంతులోని ఆర్తి వింటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది.

కానీ ఆ పేరు ఆయన్ని కాపాడలేదు. ఒక డాన్సులో తెల్ల యువతి చెమట తుడుచుకోమని రుమాలు ఇచ్చిందని, ఆ కోపంతో కొందరు ఆయన్ని చితకబాదారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 1942లో పైన్‌విల్ మానసిక వైద్యశాలలో చనిపోయారు. ఆయన బాణీలు కేజన్లూ, జైడెకో (క్రియోల్‌ల డాన్సు సంగీతం) వాయించే క్రియోల్‌లూ నేటికీ నేర్చుకుంటున్నారు.