బూడిద రంగు కుందేళ్లు పెంచితే అటవీ కేసు అవుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. మాంసం కోసం సోవియట్ చించిల్లా కుందేళ్లు పెంచుతున్నాను. మొదటి జతలు తమిళనాడు నుంచి తెచ్చాను. ఈ మధ్య అటవీ సిబ్బంది ఒకరు షెడ్డుకు వచ్చి, ‘ఇవి అడవి కుందేళ్లలా ఉన్నాయి, కేసు రాస్తాం’ అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక రైతు

జవాబు: పెంపుడు కుందేళ్లను మాంసం కోసం పెంచడం నేరం కాదు. ముందు ఆ భయం వదిలేయండి. అయితే ఆ సిబ్బందికి వచ్చిన అనుమానానికీ కారణం ఉంది. మన పొలాల్లో తిరిగే అడవి కుందేలుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దాన్ని చంపినా, వలేసి పట్టినా వేటే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సోవియట్ చించిల్లా బూడిద రంగు బొచ్చు చూస్తే కొత్తవాళ్లు పొరబడతారు. తెల్ల న్యూజిలాండ్ జాతి పెంచేవారికి ఈ బాధ లేదు.

మీరు జాగ్రత్త పడాల్సింది అదే చట్టంలోని సెక్షన్ 57 విషయంలో. వన్యప్రాణి గానీ, దాని మాంసం గానీ మీ దగ్గర ఉందని తేలితే అది అక్రమంగా ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బరువు మీదే. కాబట్టి కాగితాలే మీకు రక్ష. మొదటి జతలు కొన్న రసీదు వెతకండి. కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉన్న కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కేంద్రం లాంటి ప్రభుత్వ సంస్థలో కొని ఉంటే ఆ రసీదుకు చాలా విలువ ఉంటుంది. పోయి ఉంటే నకలు అడగండి. మీ మండల పశువైద్యుడిని షెడ్డుకు పిలిచి, ఇవి ఫలానా పెంపుడు జాతి అని రాయించుకోండి. ఏ తల్లి ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు, ఎన్ని అమ్మారు అన్నది రిజిస్టర్‌లో రాస్తూ ఉండండి.

ఈత సమయంలో ఫొటోలు కూడా తీయండి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. అడవి కుందేలు పిల్లలు పుట్టేసరికే బొచ్చుతో, కళ్లు తెరుచుకుని ఉంటాయి. ఆ ఫొటోలు చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. అప్పటికీ తేలకపోతే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి వన్యప్రాణి కేసుల్లో జాతిని నిర్ధారిస్తుంది. ఆ పరీక్ష చేయించమని మీరే రాతపూర్వకంగా కోరండి.

అటవీ సిబ్బంది మళ్లీ వస్తే గొడవ పడొద్దు, కాగితాలు చూపించండి. జంతువులను తీసుకెళ్తే, ఏమేం తీసుకున్నారో సాక్షుల ముందు రాసే స్వాధీన పంచనామా నకలు అడగండి. వాటిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాల్సిందే. అక్కడ మధ్యంతర కస్టడీ కోసం, అంటే కేసు తేలేదాకా వాటిని మీకే అప్పగించమని, వెంటనే పిటిషన్ వేయించండి. కుందేళ్లు మేత, నీళ్లు లేకుండా రోజుల తరబడి ఆగలేవు. ‘రాజీ రుసుము (కేసు కోర్టుకు వెళ్లకుండా ముగించే సొమ్ము) కట్టేయ్, వదిలేస్తాం’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. చేయని తప్పుకు సంతకం పెట్టినట్టవుతుంది. ఇలా సంతకాలు పెట్టే రైతులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక మాంసం అమ్మకం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో మాంసపు జంతువుల జాబితాలో కుందేలు లేకపోవడంతో కేరళ రైతులు బాగా ఇబ్బంది పడ్డారు. తర్వాత పెంపుడు కుందేలును చేర్చారు. ‘కుందేలు మాంసం నిషేధం’ అనే మాట ఇప్పటికీ తిరగడానికి కారణం అదే. రోజుకు 10 చిన్న జంతువుల వరకు కోసే చిన్న వ్యాపారమైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సరిపోతుంది, పెద్దదైతే లైసెన్స్ కావాలి. పంచాయతీ అనుమతి కూడా తీసుకోండి. మున్సిపాలిటీ పరిధిలో గుర్తింపు ఉన్న కబేళాలోనే కోయాలి.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. 2001 కబేళా నిబంధనల ప్రకారం మూడు నెలలు నిండని జంతువును, చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్లలున్న తల్లిని కోయకూడదు. కుందేళ్లు దాదాపు మూడు నెలలకే అమ్మకానికి వస్తాయి కాబట్టి రిజిస్టర్‌లో పుట్టిన తేదీ తప్పనిసరిగా ఉండాలి.

పొలంలో దొరికాయని ఎవరైనా అడవి కుందేలు పిల్లలను తెచ్చిస్తే తీసుకోకండి, ఒక్కటి కూడా. మీ బోనులో అలాంటిది ఒకటి కనిపించినా మిగతావన్నీ పెంపుడువేనని నమ్మించడం నాలాంటి వకీలుకూ కష్టమవుతుంది.