డాలస్ పిట్ట, మహేంద్రగిరి పిట్ట

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మార్చిలో డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. వాళ్ళ పెరట్లో మాకింగ్‌బర్డ్ అనే పిట్ట అర్ధరాత్రి కూడా పాడుతోందట, అల్లుడికి నిద్ర లేదట! నా దగ్గర నికాన్ పి950 ఉంది. ఆ పిట్టను ఎలా ఫొటో తీయాలి? దాని పాటలో అంత గొప్పేముంది? మన వైపు అలాంటిది ఉందా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మేడమ్ గారూ, ముందు మీ అల్లుడి గారి సంగతి. రాత్రిపూట అదేపనిగా పాడేది చాలావరకు జోడీ దొరకని మగపిట్ట. వెన్నెల ఉంటే మరీ రెచ్చిపోతుంది. జోడీ కుదిరితే జోరు తగ్గుతుంది, అందాకా ఆయన కిటికీ మూసుకుని పడుకోవాల్సిందే. టెక్సాస్‌కు అది రాష్ట్ర పక్షి. 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, చంపడం నేరం.

చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. బూడిద రంగు ఒళ్ళు, పొడుగు తోక, మన గోరింకంత ఉంటుంది. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు తీస్తే ఫొటో వెలవెలబోతుంది. అందుకని మొదటి వారం కెమెరా బ్యాగులోనే ఉంచి వినండి.

వింటూ లెక్కపెట్టండి. ఒక పలుకును మూడు నాలుగు సార్లు తిప్పి తిప్పి అని, ఠక్కున ఇంకోదానికి దూకుతుంది. అది అక్కడి పిట్టలైన బ్లూ జే కేక కావచ్చు, కార్డినల్ ఈల కావచ్చు, కప్ప అరుపో, వీధిలో కారు అలారమో కావచ్చు. కొన్ని మగపిట్టలకు ఇలాంటివి 200 దాకా వస్తాయి, పెద్దయ్యాక కూడా కొత్తవి పట్టేస్తూనే ఉంటాయి. ఫోన్‌లో కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ తెరిచి పెట్టండి. శబ్దం గీతలుగా తెర మీద సాగుతుంది: ఒకే ఆకారం వరసగా నాలుగు సార్లు, కాస్త ఖాళీ, తర్వాత వేరే ఆకారం. ఆ యాప్ కూడా అప్పుడప్పుడు బోల్తా పడి, అక్కడ లేని పిట్ట పేరు చూపిస్తుంది. నాకైతే అది భలే సరదా! నేరెళ్ల వేణుమాధవ్ గారి మిమిక్రీ విన్నవాళ్ళకు తెలుసు, ఎవరి గొంతు అన్నదొక్కటే కాదు, దేని తర్వాత ఏది వేశారన్నదీ చూడాలి. ఈ పిట్టనూ అలాగే వినండి.

ఇక ఫొటో. పాడే పిట్టకు ఇష్టమైన చోట్లు కొన్ని ఉంటాయి: చిమ్నీ అంచు, స్తంభం కొన, చెట్టు చిటారు కొమ్మ. మాటిమాటికీ అక్కడికే వస్తుంది. పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, రెక్కలు బార్లా చాపి, మళ్ళీ అక్కడే వాలుతుంది. అప్పుడు రెక్కల్లో తెల్లటి పట్టీలు తళుక్కుమంటాయి. మీరు పట్టాల్సింది దాన్నే. ఎండ మీ వీపు వైపు ఉండాలి. డయల్ ఎస్ (షట్టర్ వేగం మనమే పెట్టుకునేది) మీద, షట్టర్ 1/2000 సెకను, బరస్ట్ (వరసగా ఫొటోలు తీసేది) ఆన్. జూమ్ ఉంది కదా అని 2000 మిల్లీమీటర్ల దాకా లాగకండి, ఎగిరిన పిట్ట ఫ్రేము దాటిపోతుంది. దాని తల పైన సగం ఫ్రేము ఖాళీ ఉంచండి. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) +1 చేయండి, లేకపోతే బొగ్గుముక్కలా వస్తుంది. పొద్దెక్కితే వేడి గాలికి బొమ్మ అలలు అలలుగా వణుకుతుంది, కాబట్టి ఉదయమే ముగించేయండి. అన్నట్టు, అంత జూమ్ పక్కింటి పెరటి వైపు తిప్పే ముందు అమ్మాయి చేత వాళ్ళకో మాట చెప్పించండి. అనవసరమైన టెన్షన్ ఎందుకు?

గూటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. గూటి మీద చెయ్యి పెట్టిన మనిషిని ఈ పిట్టలు రెండు మూడు సార్లకే గుర్తుపట్టి, మిగతావాళ్ళను వదిలేసి అతని మీదికే దూకుతాయని ఫ్లోరిడాలో చేసిన పరిశోధన 2009లో వచ్చింది. మీరు చీర మార్చుకుని వెళ్ళినా లాభం లేదు.

మాకింగ్‌బర్డ్ కుటుంబం మొత్తం అమెరికా ఖండాలదే. మనకు పసులపోలిగాడి జాతిలోదే, గ్రేటర్ రాకెట్-టెయిల్డ్ డ్రోంగో అనే పిట్ట ఉంది; తోక నుంచి రెండు పొడుగాటి తీగలు, వాటి కొసన ఆకుల్లాంటి ఈకలు ఉంటాయి. డేగ కేకతో సహా పక్క పిట్టల కూతలన్నీ దింపేస్తుంది. నేను మీ పర్లాకిమిడి వైపు కాశీనగర్ వాడిని, మహేంద్రగిరి ఎక్కినప్పుడల్లా దీని గొంతుకు తల తిప్పి వేరే పిట్ట కోసం వెతుకుతాను. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం అటు వెళ్ళిరండి, చెవికి ప్రాక్టీసు అవుతుంది.

ప్రశ్న: మీరు చెప్పే ఆ తీగల తోక పిట్ట మా అడవిలో ఉంది, కానీ ఆకుల చాటు నుంచి బయటికి రాదు. ఫోన్‌లో దాని కూత వినిపిస్తే వస్తుందని స్నేహితులంటున్నారు. చేయొచ్చా?
– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: వద్దు బాబూ. వస్తుంది, నిజమే. తన హద్దులోకి ఇంకో పిట్ట చొరబడిందనుకుని, తిండీ గూడూ వదిలి కొట్లాటకు వస్తుంది. దానికన్నా ఫిబ్రవరి, మార్చిలో పూసిన బూరుగు చెట్టు చూసుకుని తెల్లారేసరికి కింద కూర్చోండి. తేనె కోసం అదే వచ్చి ఎర్ర పూల మీద వాలుతుంది. నల్ల పిట్ట కదా, ఆకాశం వెనక పడితే ఎక్స్‌పోజర్ +1.3 దాకా పెంచండి. రెండు తీగలూ ఫ్రేములో పట్టాయో లేదో చూసుకుని మరీ నొక్కండి.