అమెరికా నుంచి పేటెంటు నోటీసు వస్తే: మేనల్లుడికి ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నోటీసు ఆసాంతం చదివాను. నీ కోపంలో న్యాయముంది. ఒక్క లైను కోడ్ రాయకుండా ఎవరో వదిలేసిన పాత పేటెంటు కొనుక్కుని, రుషికొండలో మీరంతా రాత్రింబవళ్ళు కూర్చుని కట్టుకున్న, లారీ ఎప్పుడు చేరుతుందో కస్టమర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్ మీద డబ్బు అడగడం దౌర్జన్యమే. కానీ వాళ్ళు అడిగిన మొత్తం ఓసారి చూడు. అమెరికాలో కేసు నడిపితే లాయర్లకయ్యే ఖర్చుకి బాగా తక్కువలో ఉంది. లెక్కగట్టే అలా పెడతారు. నువ్వు కంగారుపడి కట్టేస్తే వాళ్ళ పని అయిపోయినట్టే.

ముందు వచ్చింది ఉత్తరమా, కోర్టు సమన్లా అన్నది తేల్చుకో. నీ దాంట్లో కేసు నంబరు లేదు, కోర్టు ముద్ర లేదు. కాబట్టి అందులో రాసిన 14 రోజుల గడువు వాళ్ళు సొంతంగా పెట్టిందే, చట్టం పెట్టింది కాదు. సమన్లయితే అందిన 21 రోజుల్లో అక్కడి కోర్టులో జవాబు వేయాలి, లేకపోతే ఏకపక్షంగా తీర్పు వచ్చేస్తుంది. కోర్టు కాగితాలు ఒక దేశం నుంచి మరో దేశానికి ఎలా అందించాలో చెప్పే హేగ్ ఒప్పందం కింద మన దేశం పోస్టులో వచ్చే విదేశీ సమన్లను ఒప్పుకోదు, ఢిల్లీలో న్యాయశాఖ ద్వారా రావాలి. ఆ ధీమాతో మాత్రం కూర్చోకు. అమెరికా జడ్జి అనుమతిస్తే ఈమెయిల్లో అందినా అందినట్టే. సమన్లు లాంఛనంగా అందించనక్కర్లేదని రాసివ్వమని వాళ్ళడిగి నువ్వు ఒప్పుకుంటే, అమెరికా బయట ఉన్నవాళ్ళకి అడిగిన రోజు నుంచి 90 రోజులు దొరుకుతాయి. అది వాడుకోవాల్సిన వెసులుబాటు.

ఈలోగా ఆఫీసులో అందరికీ ఒక మాట చెప్పు. ఏదీ చెరపొద్దు. పాత కోడ్, మెయిళ్ళు, డిజైన్ కాగితాలు ఎక్కడివక్కడ ఉంచండి. నోటీసు వచ్చాక చెరిపినట్టు తేలితే జడ్జి దాన్ని మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అలాగే వాట్సాప్ గ్రూపుల్లో "మనం కూడా ఇదే చేస్తున్నాం కదా" అని కుర్రాళ్ళు రాసుకోవడం వెంటనే ఆపు. కేసు పడితే అవన్నీ అవతలివాళ్ళ చేతికి వెళ్తాయి. తెలిసి తెలిసి ఉల్లంఘించారని రుజువైతే పరిహారం మూడింతల దాకా పెంచే అధికారం అక్కడి కోర్టుకుంది.

తర్వాత అమెరికా పేటెంటు కేసులు చూసే లాయర్‌ని, కేసు మొత్తానికి కాకుండా ఒక అభిప్రాయానికి మాత్రం, ముందే ఫీజు ఖరారు చేసుకుని మాట్లాడుకో. ఇక్కడి మన లాయర్లు ఎంత గట్టివాళ్ళైనా ఈ పనికి సరిపోరు. నేను కింద చెప్పే పట్టిక ఆయన అడిగినట్టుగా తయారుచేసి, ఆయనకే పంపు. అప్పుడు దాన్ని అవతలివాళ్ళు అడిగి తీసుకోవడం కష్టం.

గూగుల్ పేటెంట్స్‌లో నంబరు కొట్టి చూడు. నంబరు చివర ఏ1 అని ఉంటే అది దరఖాస్తే, బీ1 లేదా బీ2 ఉంటేనే మంజూరైన పేటెంటు. దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ళు. మధ్యలో మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ళ దగ్గర ఫీజు కట్టకపోతే పోతుంది. అయితే గడువు తీరిపోయిందని సంబరపడకు, తీరకముందు జరిగిన వాడకానికి ఆరేళ్ళు వెనక్కి వెళ్ళి పరిహారం అడగొచ్చు. పేటెంటు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో అమెరికా పేటెంటు ఆఫీసు బదిలీల రికార్డులో ఉంటుంది, నోటీసు పంపినవాళ్ళ పేరూ అదీ ఒకటేనా అని చూడు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పేటెంటు హక్కు ఎంతవరకో చెప్పే అంశాల్ని క్లెయిములంటారు, అందులో క్లెయిమ్ 1 తీసుకో. అదంతా ఒకే వాక్యం. సెమికోలన్ ఉన్న ప్రతిచోటా విరిచి, ఒక్కో ముక్కని స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరసలో పెట్టు. మొదటి గడిలో వాళ్ళ మాటలు అక్షరం మారకుండా, పక్కన నీ సాఫ్ట్‌వేర్ నిజంగా చేసే పని, ఆ పక్కన అది ఏ ఫైల్లో ఉంది, ఏ తేదీ రిలీజులో వచ్చింది. నీ నోటీసులో ఐదు ముక్కలున్నాయి: వాహనం జీపీఎస్ స్థానం అందుకోవడం, సర్వర్లో దాచడం, కస్టమర్ ఎంచుకున్న చోటుతో పోల్చడం, వాహనం "ముందుగా నిర్ణయించిన దూరం" లోపలికి రాగానే గుర్తించడం, ఫోనుకి సందేశం పంపడం. మిగతావి నీ దాంట్లో ఉన్నట్టే. నాలుగోది నిదానంగా చదువు. షీలానగర్ దాటిన లారీ పోర్టు గేటుకి ఎన్ని కిలోమీటర్లలో ఉందని నీ ప్రోగ్రాం చూడదు. ట్రాఫిక్‌ని బట్టి ఎన్ని నిమిషాల్లో చేరుతుందో లెక్కగట్టి, 20 నిమిషాల్లోపు అనగానే సందేశం పంపుతుంది. అమెరికాలోని మీ కస్టమర్ల దగ్గర కూడా అదే కోడ్. క్లెయిమ్‌లో ఒక్క ముక్క నీ దాంట్లో లేకపోయినా, మాటకి మాట చూస్తే ఉల్లంఘన కాదు.

"నిమిషాలైనా కిలోమీటర్లైనా సమానమే కదా" అని వాళ్ళు వాదిస్తారు. దానికి జవాబు పేటెంటు దస్త్రంలో వెతకాలి. పేటెంట్ సెంటర్ అనే అమెరికా పేటెంటు ఆఫీసు సైట్లో, దరఖాస్తు చేసినవాళ్ళకీ ఆ ఆఫీసుకీ మధ్య నడిచిన మొత్తం ఉత్తర ప్రత్యుత్తరాలు ఉచితంగా దొరుకుతాయి. పరీక్షకుడు మొదట తిరస్కరిస్తే, ఒప్పించడానికి "దూరం" అన్న మాట దరఖాస్తు చేసినవాళ్ళే చేర్చి ఉంటే, ఇప్పుడు దాన్ని నిమిషాలకి సాగదీయడం చాలా కష్టం. 2002లో ఫెస్టో కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందదే. కుర్రాళ్ళలో ఓపికున్న ఒకరిని రెండు రోజులు ఈ దస్త్రం మీదే కూర్చోబెట్టు. నా దృష్టిలో ఇంతకన్నా గిట్టుబాటయ్యే పని మరోటి లేదు.

రెండో దారి, ఆ పేటెంటు చెల్లదనడం. వాళ్ళ ప్రాధాన్య తేదీకి, అంటే ఆ ఆవిష్కరణకి మొదటి దరఖాస్తు పడిన తేదీకి ముందే అచ్చైన మాన్యువల్, వ్యాసం, పాత వెబ్ పేజీల్ని దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్లో ఉన్న పాత వెబ్ పేజీ, ఏదైనా పనికొస్తుంది. తేదీ లేనిది పనికిరాదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు వచ్చాక, పాత ఆలోచననే మామూలు కంప్యూటర్ మీద చేయిస్తే పేటెంటు నిలవడం కష్టమైంది. ఆ వాదన కేసు మొదట్లోనే వేయొచ్చు, ఖర్చూ తక్కువ. పేటెంటు ఆఫీసు ట్రిబ్యునల్లో, పేటెంటు చెల్లదని తేల్చమని వేసే ఐపీఆర్‌కి సమన్లు అందిన ఏడాదిలోపు వెళ్ళాలి. ఒక్క ఫీజులే నీ స్థాయికి మోయలేని బరువు. కాబట్టి ఇదే పేటెంటు మీద వేరేవాళ్ళు ఇప్పటికే వేశారేమో చూడు. కోర్టు లిజనర్ అనే సైట్‌లో పాత కేసుల కాగితాలు చాలావరకు ఊరికే దొరుకుతాయి. నోటీసులిచ్చినవాళ్ళు కేసు వేసి, గట్టిగా నిలబడినవాళ్ళ మీద వెనక్కి తీసుకున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది.

జవాబు నాలుగు వాక్యాలు చాలు. ఉత్తరం అందింది, పరిశీలిస్తున్నాం, ఏ క్లెయిములు మా ఏ ఉత్పత్తిలో ఏ భాగానికి వర్తిస్తాయో ముక్కల వారీగా పంపండి, పేటెంటు హక్కుదారు ఎవరో తెలపండి. సాంకేతిక వాదన ఏదీ రాయకు. మీరేం చేస్తారో వివరించకు. లాయర్ చూడందే పంపకు.

ఇదే పేటెంటు మన దేశంలో ఉందేమో కూడా చూడు, ఎందుకంటే అమెరికా పేటెంటుకి ఇక్కడ బలం లేదు. మన చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం దానంతటదే ఆవిష్కరణ కాదు. ఆధారం లేకుండా బెదిరిస్తే సెక్షన్ 106 కింద నువ్వే కోర్టుకెళ్ళి ఆపించొచ్చు, నష్టపరిహారమూ అడగొచ్చు. అయితే "మాకు ఫలానా పేటెంటు ఉంది" అని తెలియజేయడం ఒక్కటే బెదిరింపు కిందికి రాదు.

పట్టికలో అన్ని ముక్కలూ పడితే బేరమాడక తప్పదు. అప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తమే మాట్లాడు, నెలనెలా వాటా వద్దు. గతం మాఫీ కావాలి, ఆ పేటెంటు కుటుంబంలోని, అంటే అదే మూల దరఖాస్తు నుంచి పుట్టిన పేటెంట్లన్నీ అందులో రావాలి, నీ కస్టమర్లకీ రక్షణ రావాలి, రేపు కంపెనీ అమ్మినా లైసెన్సు వెంట వెళ్ళాలి. విదేశానికి పంపే రాయల్టీ మీద టీడీఎస్ ఉంటుంది. అది ఎవరి ఖాతాలోదో రాయకపోతే మొత్తం నీ మీద పడుతుంది. సంతకానికి ముందు మీ సీఏకి చూపించు.

ఇంకొకటి, ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మీ అమెరికా కస్టమర్‌తో నువ్వు చేసుకున్న ఒప్పందంలో పేటెంటు గొడవ వస్తే ఖర్చంతా నువ్వే భరిస్తానన్న క్లాజు ఉంటుంది, దానికి పరిమితి ఉందా? లేకపోతే నీ మీద కేసు వేయకుండా వాళ్ళ మీద వేసినా బిల్లు నీకే వస్తుంది. వచ్చే ఒప్పందం నుంచి ఆ భారాన్ని ఏడాది చందా మొత్తానికి పరిమితం చెయ్యి. కస్టమర్ తన సొంత సాఫ్ట్‌వేర్‌తో కలిపి వాడడం వల్ల వచ్చే కేసుల్ని మినహాయించు. కేసు నడిపే అధికారం నీ చేతిలో ఉంచుకో. పాత ఒప్పందాలన్నీ తీసి ఆదివారం పట్టుకురా, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య