థైరాయిడ్ వల్ల కళ్లు ఉబ్బితే లోపలి రక్తనాళాలకి ఏమవుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. ఏడాదిన్నర కింద గ్రేవ్స్ థైరాయిడ్ (యాంటీబాడీల వల్ల థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు) అని చెప్పారు, మందులు వాడుతున్నా, రక్తపరీక్షలు ఇప్పుడు నార్మల్‌గానే వస్తున్నాయి. కానీ నాలుగైదు నెలలుగా కళ్లు ముందుకి వచ్చినట్టున్నాయి, పొద్దున లేచేసరికి రెప్పలు వాచి ఉంటాయి, కుడికన్ను ఎర్రగా ఉంటోంది. ఆరేళ్లుగా షుగర్ కూడా ఉంది. మొన్న ఓసీటీ యాంజియో అని కంటి లోపలి రక్తనాళాల బొమ్మ తీసే స్కాన్ తీశారు, కుడికంట్లో కంటినరం చుట్టూ రక్తనాళాల డెన్సిటీ (ఒత్తు) తక్కువ ఉందనీ, సిరలు కొంచెం మెలికలు తిరిగాయనీ రాశారు. చార్టులో మాత్రం ఆఖరి లైను కూడా చదివేశాను. అసలు థైరాయిడ్‌కీ, కంటి లోపలి తెర రెటీనాకీ ఏంటండీ సంబంధం? చూపు పోతుందేమోనని నిద్ర పట్టట్లేదు.

జవాబు: ముందు కాస్త ఊపిరి పీల్చుకోండమ్మా. ఆ రిపోర్టులో ఉన్న రెండు ముక్కల్ని బట్టి చూపు పోతుందని ఎవరూ చెప్పలేరు. అలాగని పక్కన పడేసే రిపోర్టు కూడా కాదు, ఎందుకంటే మీ కంట్లో వాపు ఇంకా చురుగ్గా ఉన్నట్టే కనిపిస్తోంది, పైగా షుగర్ ఉంది.

సంబంధం ఎక్కడుందంటే, కన్ను కూర్చున్న గూడు చుట్టూ ఎముకే, మొత్తం పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు. థైరాయిడ్‌ని రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటి వెనక కణాల్ని కూడా రెచ్చగొడతాయి, దాంతో కంటిని తిప్పే కండరాలూ, కొవ్వూ నీరు పట్టి ఉబ్బుతాయి. ఎముక సాగదు కదా, అందుకే కన్ను ముందుకి జరుగుతుంది. ధమనుల్లో రక్తం గట్టి ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఆ ఇరుకులో కూడా లోపలికి వచ్చేస్తుంది, బయటికి తీసుకెళ్లే సిరల గోడలు మాత్రం పల్చన, ముందు నలిగేవి అవే. వచ్చిన రక్తం వచ్చినట్టు పోలేక నిలుస్తుంది. మీ కన్ను ఎర్రగా ఉండటంలో వాపుతో పాటు ఈ నిలవ కూడా ఉంటుంది, రాత్రంతా పడుకుని ఉంటారు కాబట్టి పొద్దునపూట రెప్పలు ఎక్కువ వాస్తాయి (తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే కొంత తేడా తెలుస్తుంది). లోపల రెటీనా సిరలు కూడా అలాగే నిండిపోయి మెలికలు తిరుగుతాయి. రెటీనా కింద ఉండే కోరాయిడ్ అనే రక్తనాళాల పొర కూడా వాపు దశలో చాలామందిలో మందం అవుతుంది, కొద్దిమందిలో ముడతలు పడి తిన్నటి గీతలు వంకరగా కనిపిస్తాయి.

ఇక డెన్సిటీ సంగతి. మీకు తీసిన ఓసీటీ యాంజియో స్కాన్‌కి డై ఎక్కించరు. ఒకే చోట వెంటవెంటనే చాలా బొమ్మలు తీసి, వాటి మధ్య కదిలింది ఏదో అదే రక్తం అని మిషన్ లెక్క కడుతుంది. అంటే బొమ్మ మసకబారినా, కన్ను కదిలినా, ఉన్న రక్తనాళం కూడా లేనట్టే పడుతుంది. థైరాయిడ్ కంటి వాళ్లకి పైరెప్ప పైకి లాక్కుపోయి ఉంటుంది, రెప్ప పూర్తిగా మూతపడదు, గడ్డం ఆనించి ఆ లైటు వైపు చూస్తూ ఉండగానే కన్నీటి పొర ఆరిపోతుంది, డబుల్‌గా కనిపించేవాళ్లకైతే చూపు ఒకచోట నిలపడమే కష్టం. నా దగ్గరికి ఇలా వచ్చినవాళ్లకి కన్నీటి చుక్కలు వేసి, రెండు నిమిషాలు మెల్లగా రెప్పలు ఆర్పమని చెప్పి మళ్లీ తీయిస్తే మొదటి బొమ్మలో పోయిన నాళాలు రెండో బొమ్మలో కనిపించిన సందర్భాలు చాలానే ఉన్నాయి. మీ ప్రింటుమీద సిగ్నల్ స్ట్రెంగ్త్ అని, బొమ్మ ఎంత బాగా పడిందో చెప్పే ఒక అంకె ఉంటుంది, అది బాగుందో లేదో అడగండి. ఇంకోటి, కంటినరం చుట్టూ డెన్సిటీ గ్లకోమాలో (కంటినరం మెల్లగా దెబ్బతినే జబ్బు) కూడా తగ్గుతుంది, ఉబ్బిన కళ్లలో కంటి ప్రెషర్ కూడా, ముఖ్యంగా పైకి చూసినప్పుడు, పెరగడం మామూలే, అందుకని ప్రెషర్ చూశారా అనేది కూడా కనుక్కోండి. పరిశోధనలు కూడా అన్నీ ఒకే మాట చెప్పట్లేదు, వాపు దశలో డెన్సిటీ తగ్గిందని కొన్ని, పెరిగిందని కొన్ని. నామట్టుకు ఒక్క స్కాన్‌ని నమ్మను, అదే మిషన్ మీద కొన్నాళ్లకి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను.

మనం నిజంగా భయపడాల్సింది కంటినరం నలగడం గురించి. ఈ జబ్బున్న నూరుమందిలో ఓ ఐదుగురికి అది వస్తుంది. కన్ను పెద్దగా ముందుకి రాకపోయినా రావచ్చు, పైగా ముందుకి జరిగే వీలు లేని బిగుతు కన్నులోనే వెనక ఒత్తిడి ఎక్కువ కూడా కావచ్చు. మొదట్లో చార్టు మొత్తం చదివేస్తారు, అందుకే ఆఖరి లైను చదివానన్న ధైర్యం ఒక్కటే సరిపోదమ్మా. ముందు పోయేది రంగు. ఇంట్లో ఎర్రటి సీసా మూత ఒకటి తీసుకుని, వెలుతురులో, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూడండి. ఒక కంటికి నిండు ఎరుపు, రెండో కంటికి వెలిసిపోయిన ఇటుక రంగు కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉందిలే అనుకోవద్దు. హాస్పిటల్లో కలర్ విజన్, కంటిపాప టార్చి పరీక్ష, ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతమేర కనిపిస్తుందో చూసేది), అవసరమైతే కనుగూడు సీటీ చూస్తారు.

షుగర్ గురించి గట్టిగా చెప్తున్నాను. షుగర్ సన్నటి రక్తనాళాల్ని దెబ్బతీసినా స్కాన్లో డెన్సిటీ తగ్గుతుంది, కాబట్టి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనా అంచుల దాకా చూడాల్సిందే, అది చూడకుండా తప్పు థైరాయిడ్ మీద వేయకూడదు. వైద్యానికి కూడా ఇది ముఖ్యం. వాపు దశలో ఎక్కువగా ఇచ్చేది నరంలోకి మిథైల్‌ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, వారానికోసారి 12 వారాలు, మొత్తం 4.5 గ్రాములు అనేది వాడుకలో ఉన్న లెక్క, దాంతో షుగర్, బీపీ రెండూ ఎగబాకుతాయి. 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన టెప్రోటుముమాబ్ అనే మందుతో కూడా షుగర్ పెరగొచ్చు. కనుగూటికి రేడియేషన్ ఇద్దామంటే మాత్రం షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకి అది వద్దంటాం, ఉన్న నాళాలు ఇంకా పాడవుతాయి. మీ షుగర్ డాక్టర్‌కీ కంటి డాక్టర్‌కీ ఒకరి కాగితాలు ఒకరికి చూపించండి, ఈ ఒక్క పని జరగక ఇబ్బందిపడినవాళ్లని చూశాను.

ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ఆ పొగ మీ దాకా రానివ్వకండి, ఈ జబ్బుని సిగరెట్ ముదరబెట్టినంతగా ఇంకేదీ ముదరబెట్టదు, మందులు కూడా సరిగా పనిచేయనివ్వదు. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ ఇస్తామంటే కంట్లో వాపు ఉందని ముందే చెప్పండి.

ప్రశ్న: మా అన్నయ్యకి ఇదే జబ్బుకి కంటి గూడు ఎముక కొంత తీసే ఆపరేషన్ చేస్తామంటున్నారు. చేశాక రక్తనాళాలు మామూలు అవుతాయా?

జవాబు: ఇరుకు తగ్గితే సిరల్లో నిలిచిన రక్తం కదులుతుంది, ఎరుపు, వాపు తగ్గుతాయి, నలిగిన కంటినరం కూడా తేరుకోవచ్చు. కానీ నరంలో అప్పటికే చచ్చిపోయిన పోగులు తిరిగి రావు, అందుకే రంగు తేడా మొదలైందంటే ఆలస్యం చేయొద్దంటాను. ఆపరేషన్ తర్వాత డబుల్‌గా కనిపించడం కొత్తగా మొదలవ్వచ్చు, దానికి తర్వాత కండరాల సర్జరీ కావాల్సి రావచ్చు, ఆ సంగతి మీ అన్నయ్యగారిని ముందే అడిగి తెలుసుకోమనండి.