వారానికి రెండ్రోజులే వచ్చే పాప నెల దాటినా ఏడుస్తుంటే ఏం చేయాలి?

అనంతపురంలో ఇంట్లోనే డే కేర్ మొదలుపెట్టానని, రోజూ వచ్చే ముగ్గురూ బాగానే కుదురుకున్నారు గానీ మంగళ, శుక్రవారాలు మాత్రమే వచ్చే ఏడాదిన్నర పాప నెల దాటినా గేటు దగ్గరే ఏడుపు అందుకుంటోందని రాశారు. లోపం నాలోనే ఉందేమో అని టెన్షన్ పడుతున్నారు.

ఒక్కసారి లెక్క చూడండి. వారానికి రెండు రోజులంటే ఆ పాప ఇప్పటిదాకా మీ ఇంటికి వచ్చింది 8, 9 సార్లు. రోజూ వచ్చే బిడ్డకు అది పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. పన్నెండో రోజు ఒక బిడ్డ ఏడిస్తే మీరు ఇంత కంగారు పడతారా? పైగా వయసు కూడా అలాంటిది. అమ్మ కనబడకపోతే వచ్చే భయం ఎనిమిది తొమ్మిది నెలలప్పుడు మొదలై, ఏడాదిన్నర దాకా గట్టిగానే ఉంటుంది. 180 రోజుల ప్రసూతి సెలవు అవగానే వచ్చే పసిబిడ్డలు సులువుగా చేతికి వస్తారు, ఈ వయసు వాళ్ళే కష్టం.

నేను కర్నూలు బి క్యాంపులో తొమ్మిదేళ్ళుగా పిల్లల్ని చూసుకుంటున్నా. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలిసిన పేట ఇది, ఇప్పటికీ ఉద్యోగాలకెళ్ళే తల్లులు ఎక్కువే. కొన్ని రోజులు అవ్వ దగ్గర, కొన్ని రోజులు నా దగ్గర ఉండే పిల్లలు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు.

మా హాల్లో బ్యాగులు తగిలించే మేకులున్నాయి. ఒక్కో మేకు పైన ఒక బొమ్మ అంటించా. సోమ, గురువారాలు వచ్చే ఒక పిల్లోడిది ట్రాక్టర్. వాడు రాని రోజు ఖాళీయే కదా అని ఒకసారి దానికి వేరే బిడ్డ బ్యాగు తగిలించి, తీయడం మరిచిపోయా. గురువారం వాడొచ్చి ఆ మేకు కింద నిలబడ్డాడు. ఏడవలేదు. కాసేపు చూసి, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు. ఆ రోజు అన్నం తినేటప్పుడు కూడా భుజం మీద బ్యాగు దించనివ్వలేదు.

అప్పటినుంచి రెండ్రోజుల పిల్లల సామాను మిగతా ఐదు రోజులూ కదపను. మేకు, గ్లాసు, పీట ఎవరివి వాళ్ళకే. బొంత మాత్రం వాళ్ళింటి నుంచే తెప్పిస్తా. అమ్మ కట్టి విడిచిన నూలు చీరతో కుట్టిందైతే మరీ మంచిది, ఉతికి పంపొద్దని కూడా చెప్తా. మీ దగ్గర ఆ పాపకు తనదని చెప్పుకునే చోటు ఉందా? మిగతా ముగ్గురూ "కొత్త పాప వచ్చింది" అంటుంటే అది కూడా మాన్పించండి. సోమవారమే "రేపు ఎవరొస్తారు?" అని అడిగి, వాళ్ళ చేత పేరు చెప్పించండి.

రోజులు పక్కపక్కన కుదిరితే సగం బాధ తీరుతుంది. సోమ, మంగళ అయితే రెండో రోజుకి మీ ఇల్లు ఇంకా గుర్తుంటుంది. కుదరకపోతే పోనీ, రోజులు మార్చకుండా ఉంటే చాలు. "ఈ వారం శుక్రవారం బదులు శనివారం దింపుతాం అక్కా" అంటే మొదట్లో మొహమాటానికి సరే అనేదాన్ని, ఇప్పుడు ఒప్పుకోను. శనివారం మా ఇంట్లో ఉండే పిల్లలే వేరు. తల్లికి వీలైతే ఒక రెండు వారాలు, మిగతా రోజుల్లో కూడా సాయంత్రం అరగంట పాపతో వచ్చి కూర్చోమనండి.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటి. ఒక పాప ఆటలో పడగానే వాళ్ళమ్మను "చెప్పకుండా వెళ్ళిపో తల్లీ" అని నేనే పంపించేదాన్ని. ఏడుపు తప్పిందనుకున్నా. ఆ తర్వాత ఆ పాప నేను వంటింట్లోకి వెళ్ళినా కొంగు వదిలేది కాదు, చెప్పుల చప్పుడైతే చాలు ఉలిక్కిపడేది. ఇప్పుడు ఎంత ఏడ్చినా సరే, అమ్మ ఎదురుగానే "నిద్ర లేచాక వస్తా" అని చెప్పి వెళ్ళాల్సిందే. గుమ్మంలో పది నిమిషాలు సాగదీయకూడదు కూడా. వాట్సాప్‌లో ఫోటో పంపండి గానీ వీడియో కాల్ వద్దు, ఆగిన ఏడుపు మళ్ళీ మొదలవుతుంది.

లోపలికి రాగానే ప్రతిసారీ ఒకటే పని పెట్టండి. మా ఇంట్లో చిన్న చెంబుతో తులసికి నీళ్ళు పోయడం. సగం గౌను మీదే పోసుకుంటారు, పోసుకోనీ. ఆ తర్వాత కారం వేయని ఉగ్గాని.

ఈ శుక్రవారం నుంచి, అమ్మ వెళ్ళాక ఎన్ని నిమిషాలు ఏడ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నలభై, ముప్ఫై, ముప్ఫై అయిదు, ఇరవై... ఇలా తగ్గుతుంటే భయం లేదు. జ్వరం వచ్చి మానేసినా, సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినా మళ్ళీ మొదటికే వస్తుంది, ఆ రోజులు లెక్కలోకి తీసుకోకండి. ఇంకో నెలన్నర చూసినా రోజంతా ఏడుస్తూ, తిండి ముట్టకుండా, ఆటకు రాకుండా ఉంటే మాత్రం తల్లిని కూర్చోబెట్టి మాట్లాడి, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించమనండి. కొన్ని నెలలు ఆగి తెమ్మనడానికి కూడా మొహమాటపడొద్దు.